చమురు ఆపేస్తే: పాతర మేలా, పది కొట్లలో ఖాతా మేలా?

గల్ఫ్‌లో చిన్న గొడవ జరిగితే చాలు, ఇంట్లోవాళ్లూ ఆఫీసువాళ్లూ నన్ను ఇదే అడుగుతారు. రేపు ఎవరికైనా మన మీద కోపమొచ్చి చమురు ఆపేస్తే ఎలా? నిల్వలు పెంచుకోవాలా, అమ్మే దేశాలను పెంచుకోవాలా? రెండూ కావాలని తప్పించుకోవచ్చు. కానీ డబ్బు ముందు దేనికి పెట్టాలన్నదే కదా ప్రశ్న.

పది కొట్లలో ఖాతా ఉండటం తక్కువ విషయమేం కాదు. 1973లో ఇజ్రాయెల్‌ పక్షాన నిలిచారని అరబ్ దేశాలు అమెరికాకూ నెదర్లాండ్స్‌కూ చమురు బంద్ చేశాయి. డచ్ ప్రభుత్వం ఆదివారాలు కార్లు తీయొద్దంది, జనవరిలో పెట్రోల్‌కు రేషన్ పెట్టింది, కొద్ది వారాలకే ఎత్తేసింది. చమురు కంపెనీలు వేరేచోటి సరుకును అటు మళ్లించడంతో గండం గడిచింది. మనమూ అమెరికా ఆంక్షల వల్ల 2019లో ఇరాన్ చమురు మానేసి, వేరేచోట కొనుక్కుని నెట్టుకొచ్చాం. 2022కు ముందు మన దిగుమతుల్లో 2 శాతం కూడా లేని రష్యా వాటా తర్వాత మూడో వంతు దాటింది.

ఇక్కడో మెలిక ఉంది. ఇరాక్, కువైట్, సౌదీ, ఎమిరేట్స్ అని లెక్కకు నాలుగు కొట్లు. వాటి సరుకులో ఎక్కువ భాగం వచ్చేది హోర్ముజ్ జలసంధి అనే ఒకే ఇరుకు సముద్రపు సందులోంచి. దూరపు కొట్టుకు వెళ్దామంటే, అమెరికా నుంచి ట్యాంకర్ మన రేవుకు చేరడానికి నెల పైమాటే. పైగా అన్ని రకాల ముడి చమురూ అన్ని రిఫైనరీలకూ పడదు.

ఆ నెల రోజులే అసలు సంగతి అంటాను నేను. చమురు ఆపినవాడు చూసేది మనం ఎన్నో రోజున దిగొస్తామా అని. 1973లో జపాన్‌కు పూర్తిగా ఆపనే లేదు, తగ్గిస్తామన్నారంతే. ఒసాకా దగ్గర జనం టాయిలెట్ పేపర్ కోసం దుకాణం మీద పడ్డారు. నవంబర్ 22కల్లా ప్రభుత్వం అరబ్బులకు అనుకూలంగా ప్రకటన చేసేసింది.

2024 జనవరి 2న హైదరాబాద్‌లో ఇలాంటిదే చూశాను. దేశంలో చమురు కొరత లేదు, ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె, అంతే. బంకు దగ్గర లైను మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. నా ముందున్నాయన బండిలో సగం ట్యాంకు పెట్రోల్ ఉంది. మరెందుకండీ అంటే, "రేపు దొరకదేమోనని టెన్షన్" అన్నాడు. ఆ టెన్షన్‌కు మందు "మూడు నెలలకు సరిపడా ఉంది" అని ధీమాగా చెప్పగలగడమే.

అందుకే నా ఓటు పాతరకు. విశాఖలో ఉన్నది నిజంగా పాతరే. మన పెద్దలు జొన్నలు దాచినట్టు, రాతిని తొలిచి 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టేలా కట్టారు. చుట్టూ ఉన్న భూగర్భ జలాల ఒత్తిడే చమురు బయటికి పోకుండా ఆపుతుంది. మంగళూరు, పాదూరు కలిపితే 53.3 లక్షల టన్నులు. ప్రభుత్వ లెక్కలో ఇది తొమ్మిదిన్నర రోజులకే. కంపెనీల ట్యాంకుల్లో పట్టేదీ కలిపితే 74 రోజులు. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలకు పెట్టిన షరతు 90 రోజుల దిగుమతులకు సమానమైన నిల్వ.

చమురు వాడకమే తగ్గించే ఇథనాల్, ఎలక్ట్రిక్ బండ్లు మంచివే. కాకపోతే పదేళ్ల పని, దాహమేసినప్పుడు తవ్వితే వెంటనే నీళ్లిచ్చే బావి కాదు.

పాతరలో డబ్బు ఊరికే ఇరుక్కుపోతుందంటారు. నిజమే, కానీ ఎప్పుడు నింపామన్నది కూడా చూడాలి. 2020 ఏప్రిల్, మే నెలల్లో ధర పడిపోయినప్పుడు బ్యారెల్ సగటున 19 డాలర్లకు కొని మూడింటినీ నింపారు, దాదాపు 5,000 కోట్లు ఆదా అయ్యాయని ప్రభుత్వమే చెప్పింది. ఒడిశాలోని చండీఖోల్‌లో మరో 40 లక్షల టన్నుల పాతరకు 2021లో ఆమోదం ఇచ్చారు. ఈసారి ధర పడేనాటికి అది సిద్ధంగా ఉండాలి.