పార్సిల్ కాగితం, బాల్ పెన్ను: రూపచిత్రాలకు ఈ జోడీ ఎలా ఉంది?

ముందే చెప్పేస్తాను. తమ బొమ్మ ఠీవిగా రావాలని కోరుకునేవారికి ఈ జోడీ వద్దు. మనిషి ఉన్నది ఉన్నట్టు కనిపిస్తే చాలనుకునేవారికి మాత్రం ఇంతకంటే మంచి సరంజామా నాకు దొరకలేదు. పార్సిళ్లకు చుట్టే గోధుమరంగు కాగితం, ఏ సొరుగు లాగినా దొరికే నల్ల బాల్ పెన్ను. అంతే.

కాగితానికి ఆ రంగు గుజ్జును తెల్లబరచకుండా వదిలేయడం వల్ల వచ్చింది. బొమ్మ గీసేవారికి అదే వరం. తెల్ల కాగితం మీదైతే చెంప ఛాయను కూడా మనమే పుట్టించాలి. ఇక్కడ అది ముందే సిద్ధంగా ఉంటుంది. కనుల కింద, ముక్కు పక్కన, గడ్డం కింద కాస్త నీడ పడితే ముఖం పైకి తేలుతుంది. వెలుగు పడే చోట తెల్ల పెన్సిల్ దిద్దేవారున్నారు. నాకది నచ్చదు, ముఖానికి పౌడరు కొట్టినట్టుంటుంది.

ఒక పెద్దాయన బొమ్మకు పార్సిల్ విప్పగా మిగిలిన కాగితమే తీసుకున్నాను. మడత సరిగ్గా నుదుటి మీదుగా ఎడమ కనుబొమ దాకా వచ్చింది. మడత అంచుకు తగలగానే పెన్ను చిన్నగా ఎగిరి, గీత తెగి, అవతల మళ్లీ అందుకుంది. పక్కన నేను శ్రద్ధగా గీసిన ముడతలన్నీ దాని ముందు తేలిపోయాయి. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "కాగితం కూడా నా ఈడుదే వెతికి పట్టుకొచ్చారే!" అన్నారు.

ఇక పెన్ను. అందులోని సిరా జిడ్డుగా, ముద్దలా ఉంటుంది కాబట్టి కాగితంలో పాకదు. తేలికగా ఆనిస్తే పెన్సిల్ లాంటి బూడిద రంగు గీత పడుతుంది, పొర మీద పొర వేస్తూ నీడను చిక్కన చేసుకోవాలి. ముంచి రాసే పాళీ ఒత్తిడిని బట్టి లావెక్కుతూ సన్నబడుతూ సొగసులు పోతుంది. చూసేవారి కన్ను ముందు గీత మీద, తర్వాతే మనిషి మీద పడుతుంది. బాల్ పెన్ను గీతకు ఆ సొగసు లేదు, చెరిపే వీలూ లేదు. దవడ రేఖ పక్కకు పోతే దాని పక్కనే ఇంకోటి వేయాలి, రెండూ ఉండిపోతాయి. శిల్పి ఆల్బెర్టో జాకొమెట్టి బాల్ పెన్నుతో గీసిన తలలను చూడండి. గీతలు మళ్లీ మళ్లీ తిరుగుతూ మనిషిని వెతుకుతూనే ఉంటాయి.

లోపాలు లేకపోలేదు. ఎక్కువసేపు నీడ వేస్తే మొన దగ్గర సిరా పోగై, తర్వాతి గీతకు చుక్కగా దిగుతుంది. చేతిలో పాతగుడ్డ ఉండాల్సిందే. పొరలు మరీ ఎక్కువైతే నలుపు మీద రాగి మెరుపు వస్తుంది. అసలు చిక్కు మన్నికతో. మసితో చేసిన సిరా వందల ఏళ్లు నిలుస్తుంది కానీ, సాధారణ బాల్ పెన్ను సిరాలోని అద్దకపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. ఈ కాగితం కూడా ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. తరతరాలు దాచుకోవాలని అడిగేవారికి ఆ మాట ముందే చెప్పాలి. ఎండ తగిలే గోడకు అసలు తగిలించకూడదు.

పసిపిల్లల బొమ్మకు ఈ పెన్ను తీయకండి, గీత గీతకూ వయసు మీద పడుతుంది. పోనీ కుంచెతో పలచటి సిరా పూద్దామంటే, ఈ కాగితం తడికి ఉబ్బి వంకర్లు పోతుంది.