ఆర్డర్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? స్టేటస్ ఫిల్టర్ చూడకుండా డబ్బు కట్టొద్దు

ఆన్‌లైన్‌లో చీరలు, బట్టలు అమ్ముకునే మిత్రులు, వాళ్లకి కోడ్ రాసిపెట్టేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మా షాపుకి తీసుకున్న సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. ఈ లోపం ఆ ఒక్కదానికే పరిమితం కాదు, ఎందులోనైనా ఉండొచ్చు.

"ఏపీఐ ఉంది, స్టేటస్ వారీగా ఫిల్టర్ చేసుకోవచ్చు" అని అమ్మినవాళ్లు అన్నారు. ఏపీఐ అంటే మన కోడ్ నేరుగా వాళ్ల సాఫ్ట్‌వేర్‌ని అడిగి వివరాలు తెచ్చుకునే దారి. డెమోలో చూపించారు కూడా. కానీ ఆ డెమో ఆర్డర్లన్నిట్లో ఒక్కో ఐటమే ఉంది. అసలు కిటుకు అక్కడే ఉంది.

మా దగ్గర ఒక ఆర్డర్‌లో మంగళగిరి చీర, దానికి కుట్టాల్సిన బ్లౌజు, ఫాల్ ఉంటాయి. చీర, ఫాల్ రెడీ, బ్లౌజు ఇంకా టైలర్ దగ్గరే, అంటే పెండింగ్. ఆర్డర్ల వారీగా గ్రూప్ చేసి, స్టేటస్ రెడీ అయినవి ఇమ్మని ఏపీఐని అడిగితే ఈ ఆర్డర్ రాకూడదు కదా? వచ్చింది. అదీ చీర, ఫాల్ మాత్రమే ఉన్నట్టు, మొత్తం ధర కూడా ఆ రెండింటిదే వేసి. బ్లౌజు అసలు లేనే లేనట్టు. స్లిప్ ప్రింటయింది, ప్యాకింగ్ అమ్మాయి స్లిప్‌లో ఉన్నవి పెట్టి పంపేసింది. క్యాష్ ఆన్ డెలివరీ కావడంతో కొరియర్ అబ్బాయి వసూలు చేసిందీ ఆ తక్కువ మొత్తమే. బ్లౌజు ఏదని కస్టమర్ ఫోన్ చేసి అడిగితే ఏం చెప్తాం?

వాళ్లు ముందు ఐటమ్‌లను ఫిల్టర్ చేసి, మిగిలినవాటిని గ్రూప్ చేస్తున్నారు. ఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే, గ్రూప్ బై తర్వాత హావింగ్‌తో వడకట్టాల్సింది ముందే వేర్‌తో కోసేశారు. ఏపీఐలకి వాడే ఓడేటా అనే పద్ధతిలో ఎనీ, ఆల్ అని రెండు వేర్వేరుగా ఉన్నది ఇందుకే: ఏ ఒక్క ఐటమ్ రెడీ అయినా చాలా, అన్నీ అవ్వాలా అన్నది అడిగేవాడు తేల్చుకోవచ్చు. ఇక్కడ ఆ ఎంపికే లేదు. సపోర్ట్‌ని అడిగితే "మా డిజైన్ అంతేనండి" అన్నారు. దీన్ని డిజైన్ అనడం నాకు మింగుడుపడలేదు.

ఇంకోటి ఇంతకన్నా ప్రమాదం. పారామీటర్ పేరులో, అంటే మనం ఫిల్టర్‌కి రాసే స్టేటస్ లాంటి పేరులో, ఒక్క అక్షరం తేడా వస్తే 400 ఎర్రర్ (అడిగింది తప్పు అని) ఇవ్వాలి. ఇది ఏమీ అనకుండా 200తో (అంతా సరే అని) ఆర్డర్లన్నీ ఇచ్చేస్తుంది, క్యాన్సిల్ అయినవాటితో సహా. అవన్నీ రెడీ అనుకుని కోడ్ ముందుకెళ్లిపోతుంది. ఆర్డర్ల లిస్టుని పేజీలుగా కోశాక ఫిల్టర్ వేస్తుండడంతో మధ్యలో ఖాళీ పేజీలు కూడా వస్తాయి. ఖాళీ పేజీ చూసి ఆగిపోయే కోడ్ అయితే వెనక పేజీల్లోని ఆర్డర్లు అందవు.

ప్రస్తుతం ఆర్డర్లన్నీ దించుకుని మేమే గ్రూప్ చేసి చూసుకుంటున్నాం. దానికి ఏపీఐని ఎన్నిసార్లు అడగొచ్చన్న కాల్స్ లిమిట్ చాలడం లేదు, పై ప్లాన్‌కి మారమంటున్నారు. ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నారు, రీఫండ్ లేదట.

మీరు కొనేముందు టెస్ట్ అకౌంట్ అడిగి తీసుకోండి. ఒక ఆర్డర్‌లో మూడు ఐటమ్‌లు పెట్టి, మూడింటికీ వేర్వేరు స్టేటస్‌లు ఇచ్చి, క్వెరీ మీరే కొట్టండి. ఐటమ్‌లన్నీ తీసేసిన ఖాళీ ఆర్డర్‌తో కూడా చూడండి. "అన్నీ రెడీ" అనే షరతుకి ఖాళీ ఆర్డర్ కూడా సరిపోతుంది కాబట్టి, అది కూడా లిస్టులో దూరిపోవచ్చు. స్టేటస్ అన్న పేరు కావాలని తప్పుగా రాసి ఏమొస్తుందో చూడండి. టెస్ట్ అకౌంట్ ఇవ్వం అని వాళ్లంటే మాత్రం అక్కడితో ఆపేయండి.