తమలపాకు మీద అవ్వ ఫొటో: ఎండతో ప్రింటు వేసే కిట్ ఎలా ఉందంటే

తిరుపతిలో మా మిద్దె మీద వడియాలు ఎండబెట్టే మూల ఒకటుంది. ఈ ఏప్రిల్‌లో వారం రోజులు ఆ మూలను ఈ కిట్‌కే ఇచ్చేశాను. ఆకు మీద ఎండతోనే ఫొటో దించే కిట్ ఇది. ఆన్‌లైన్‌లో 850 రూపాయలు పడింది. అద్దం, చెక్క పలక, నాలుగు క్లిప్పులు, ఐదు ఓహెచ్‌పీ షీట్లు (ఫొటో ప్రింటు తీసుకునే పారదర్శక ప్లాస్టిక్ షీట్లు), పొట్లంలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఒక కరపత్రం ఇచ్చారు.

పద్ధతి తేలికే. ఫొటో ప్రింటు తీసిన షీటును ఆకు మీద పరిచి, అద్దంతో బిగించి ఎండలో పెట్టాలి. ఎండ తగిలిన చోట పత్రహరితం విరిగి ఆకు పాలిపోతుంది. నల్ల ఇంకు నీడ ఉన్నచోట పచ్చగానే నిలుస్తుంది.

ఇబ్బందంతా కరపత్రంతోనే. ఫొటోను నెగటివ్‌గా మార్చమని రాశారు. అలాగే జిరాక్స్ షాపులో తీయించాను. విప్పి చూస్తే మా అవ్వ నెరిసిన జుట్టు ముదురు పచ్చగా వచ్చింది! నెగటివ్ కావలసింది సైనోటైప్‌కి, అంటే మందు పూసిన కాగితం మీద ఎండతో నీలం రంగు ఫొటో వేసే పద్ధతికి. అందులో ఎండ తగిలిన చోట రంగు ముదురుతుంది, ఆకులో వెలిసిపోతుంది. కాబట్టి ఇక్కడ మామూలు ఫొటోనే పెట్టాలి. రెండు గంటలు చాలని కూడా రాశారు. నాకు రెండు రోజులు పట్టింది. డబ్బు తీసుకుని ఇంత ముఖ్యమైన సంగతి తప్పు రాయడం అన్యాయం.

బచ్చలాకు అద్దం కింద చెమ్మకు కుళ్లింది. బాదం ఆకు మూడు రోజులైనా రంగు మారలేదు. చివరికి తమలపాకు తెచ్చి, కాడకు తడి దూది చుట్టి పెట్టాను. రెండో రోజు సాయంత్రం క్లిప్పులు తీశాను. నడిమి ఈనె సరిగ్గా అవ్వ ముక్కు మీదుగా దిగింది. పక్క ఈనెలు చెంపల ముడతల్లో కలిసిపోయాయి. ముక్కుపుడక రాయి మెరిసిన చోట ఎండుగడ్డి రంగు చుక్క ఒక్కటి. రోజూ తమలపాకు లేనిదే గడవని మనిషి ఆమె. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

పెట్టె మీద ‘పూర్తిగా ప్రకృతి సహజం’ అని వేయడం మాత్రం నేను ఒప్పుకోను. ఫొటో ల్యాబు మందులేవీ వాడని మాట నిజమే. కానీ షీటు ప్లాస్టిక్, అందుకే దాన్ని పారేయకుండా దాచి మళ్లీ మళ్లీ వాడండి. మైలుతుత్తం నీళ్లలో ముంచితే పత్రహరితంలోని మెగ్నీషియం స్థానంలోకి రాగి చేరి పచ్చదనం నిలుస్తుంది. అయితే అది విషం. చేతులకు గ్లౌజులు వేసుకోండి, వంటగిన్నెలు వాడకండి, ఆ నీళ్లు కాలువలో పోయకండి. కరపత్రంలో ఈ జాగ్రత్త ఒక్కటీ లేదు.

వియత్నాంలో పుట్టి అమెరికాలో పెరిగిన కళాకారుడు బిన్ డాన్ ఆకుల మీద యుద్ధకాలపు ముఖాలు ముద్రించి, వాటిని రెసిన్‌లో భద్రపరిచారు. మనకు అంత అక్కర్లేదు. పుస్తకంలో అదిమి ఆరబెట్టి, వెలుతురు తగలకుండా ఉంచితే సరి. గోడకు తగిలిస్తే వెలిసిపోతుంది.

అద్దం, పలక గట్టివి. అందుకే ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. కరపత్రం సరిదిద్దితే నాలుగున్నర ఇస్తాను.

అవ్వ ఆకు ఇప్పుడు బీరువాలో, పాత పెళ్లి పత్రికల మధ్య ఉంది. వచ్చే వారం చిత్తూరు నుంచి మా చిన్నత్త వస్తుంది. ఆమెకు చూపించి మళ్లీ లోపల పెట్టేస్తాను.