చెక్కశిల్పికి ఉలి మేలా, చైన్‌సా మేలా?

హైదరాబాద్‌లో చెక్కశిల్పాన్నే జీవనోపాధిగా ఎంచుకునే యువతకు ఇప్పుడు ఉలి, చెక్క సుత్తి పట్టే పాత దారితోపాటు, దుంగలు కోసే చైన్‌సాతోనే బొమ్మను తీర్చే దారి కూడా కనిపిస్తోంది. అమెరికాలో 1950ల నుంచి రే మర్ఫీ వంటివారు చేసి చూపిన పని ఇది. పెన్సిల్వేనియాలోని రిడ్జ్‌వే పట్టణం ఈ కళాకారుల సమావేశాలకే పేరుపడింది.

వేగం విషయంలో వాదన అక్కరలేదు. ఆరడుగుల దుంగ నుంచి అక్కరలేని చెక్కను తీసేయడానికి ఉలితో వారాలు పడితే, రంపంతో ఒకటి రెండు రోజుల్లో ఆకారం బయటపడుతుంది. సూక్ష్మమైన పనికి ప్రత్యేకంగా కార్వింగ్ బార్ (రంపపు గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పలక) ఉంటుంది. దాని కొస నాణెమంత చిన్నగా ఉండటం వల్ల, మామూలు బార్‌లా కొస చెక్కకు తగలగానే రంపం మనిషి మీదికి ఎగదన్నే ప్రమాదం బాగా తగ్గుతుంది, గద్ద రెక్కల ఈకలు గీయడానికీ వీలవుతుంది. అయినా కనురెప్ప దగ్గరికి, వేలి కణుపు దగ్గరికి వచ్చేసరికి చాలామంది మళ్లీ ఉలినో గ్రైండర్‌నో అందుకోవలసిందే. రంపం పట్టినవాడికి ఉలి అవసరం తప్పదు కానీ, ఉలి పట్టినవాడు రంపం లేకుండానే జీవితమంతా గడిపేయగలడు. నా మొగ్గు ఉలివైపు ఉండటానికి మొదటి కారణం ఇదే.

అయితే కలప లెక్క వేరు. ఆరిన టేకు కొనాలంటే కొత్త శిల్పికి భారమే. ఈదురుగాలులకు నగరంలో కూలే తురాయి, నిద్రగన్నేరు, వేప చెట్ల మొద్దులు తక్కువ ధరకే దొరకవచ్చు. వీటిలో తురాయి మెత్తన, త్వరగా పుచ్చుతుంది. బయట నిలబెట్టే బొమ్మకు వేపే నయం. నిలిచి ఉన్న చెట్టును కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి కనుక, మొద్దు ఎక్కడిదో చూపే కాగితం దగ్గర ఉంచుకోవడం మంచిది. పచ్చి దుంగ ఆరేటప్పుడు చుట్టుకొలత వెంబడి ఎక్కువగా, దుంగ నడిమధ్య వైపు తక్కువగా కుంచించుకుంటుంది, అందుకే బీటలు వారుతుంది. బొమ్మ వీపున దుంగ నడిమధ్య దాకా నిలువుగా ఒక కోత పెడితే చీలిక చాలావరకు అక్కడే తెరుచుకుని, ముఖం నిలుస్తుంది. ఆ కోత రంపానికి నిమిషాల పని, ఉలికి చాకిరీ.

చప్పుడు మాత్రం నగరవాసికి పెద్ద అడ్డంకి. నివాస ప్రాంతాల్లో పగటి శబ్ద పరిమితి 55 డెసిబెల్స్ కాగా, పెట్రోలు చైన్‌సా చప్పుడు పట్టుకున్నవాడి చెవి దగ్గర 100 దాటుతుంది. కాబట్టి శామీర్‌పేట వైపో మొయినాబాద్ వైపో షెడ్డు అద్దెకు తీసుకోవాలి, ఆ అద్దెను ప్రతి బొమ్మ ధరలోనూ కలుపుకోవాలి. బ్యాటరీ రంపానికి పొగ ఉండదు, చప్పుడూ తక్కువే, కానీ లావు దుంగల మీద ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. చిక్కడపల్లిలో రెండో అంతస్తు గదిలోనైనా ఉలి పని సాగుతుంది.

ఒంటి మాటకొస్తే, ఏళ్ల తరబడి రంపపు ప్రకంపనలు తగిలితే వేళ్లు తెల్లబారి మొద్దుబారే జబ్బు రావచ్చు. అది చలిలో ఎక్కువగా బయటపడుతుంది నిజమే కానీ, మన దగ్గర చలి తక్కువని నరాలకు జరిగే నష్టం ఆగదు. గొలుసును చిక్కబెట్టి ఆపే పీచు పొరలున్న కాలి తొడుగు మే నెల ఎండలో భరించలేనిదే, అయినా అది లేకుండా రంపం ఆన్ చేయకూడదు.

ఉలికి తలుపులు, పూజామందిరాలు, దేవతామూర్తుల వంటి పనులు చిన్నవైనా వరుసగా వస్తాయి. రంపం పనికి ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, జనం ముందు చేసే ప్రదర్శనలే దిక్కు. వస్తే పెద్ద మొత్తం, రాకపోతే ఖాళీ. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారు రెండు మూడేళ్లు ఉలితో గడిపి, ఆ తర్వాత రంపం కొనాలన్నది నా అభిప్రాయం. రోజుకూలికి చెట్లు కోసే యువకుడికి మాత్రం ఈ వరుస వర్తించదు. రంపం మీద పట్టు అతనికి అప్పటికే ఉంటుంది కనుక, ముందు కొన్నాళ్లు బొమ్మలు గీయడం, బంకమట్టితో నమూనాలు చేయడం నేర్చుకుని, నేరుగా కార్వింగ్ బార్‌తో మొదలుపెట్టవచ్చు.