నెల్లూరు నుంచి గుల్మార్గ్‌కి: స్కీ నేర్చుకోవాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి

మంచు చూడాలనుకునే వాళ్ళు వేరు, మంచులో స్కీయింగ్ నేర్చుకోవాలనుకునే వాళ్ళు వేరు. మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి బయల్దేరే వాళ్ళలో చాలామంది మొదటి రకం ప్యాకేజీ కొని రెండో ముచ్చట కూడా తీరుతుందనుకుంటారు. తీరదు. ఫిబ్రవరిలో మా ఇంటివాళ్ళం, మా బామ్మర్ది వాళ్ళు కలిసి కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్ళొచ్చాం. అప్పట్నుంచి మాగుంట లేఅవుట్‌లో కనిపించిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, "జాకెట్లు ఎక్కడ కొన్నారు?" అని. నన్నడిగితే జాకెట్ ఆఖరి సంగతి. కాళ్ళకి సరిపోయే బూట్లు, ఓపిగ్గా నేర్పే మనిషి, ప్రయాణంలో ఒకటి రెండు ఖాళీ రోజులు. ఖర్చు పెట్టాల్సింది వీటి మీద.

ముందు చోటు సంగతి. మనాలి దగ్గర సోలాంగ్ లోయ ఫోటోలకి బాగుంటుంది. దారి పొడుగునా కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే కొట్లు. పైకెళ్తే పొడవాటి పలకల్లాంటి స్కీలు కాళ్ళకి తగిలించి, చెయ్యి పట్టుకుని కాస్త దూరం జరిపి "అయిపోయింది సార్" అనే కుర్రాళ్ళు. పిల్లలకి సరదా, అంతే. ఉత్తరాఖండ్‌లోని ఔలి నిజంగా నేర్చుకోదగ్గ చోటు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ళు అక్కడ కోర్సులు నడుపుతారు, ఎదురుగా నందాదేవి శిఖరం. కాకపోతే ఋషికేశ్ నుంచి జోషీమఠ్‌కి సుమారు 250 కిలోమీటర్ల కొండదారి, రోజంతా బండిలోనే. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగినప్పుడు ఔలి రోప్‌వే ఆపేశారు. బయల్దేరేముందు దాని సంగతి కనుక్కుని, లేదంటే పైకి కూడా బండి మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న కుటుంబానికి అంత రోడ్డు ప్రయాణం నేను చెప్పను.

గుల్మార్గ్‌కి శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లే. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఊరి మధ్యలోనే కొత్తవాళ్ళ కోసం చిన్న చిన్న వాలులు, వాటి మీద మనిషిని పైకి లాక్కెళ్ళే లిఫ్టులు ఉన్నాయి. నేర్చుకున్నాక పైకి పోవడానికి గండోలా, అంటే తీగ మీద నడిచే కేబుల్ కారు, ఉంది. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ కూడా ఇక్కడే. వయసులో ఉన్నవాళ్ళు, సెలవు దొరికేవాళ్ళు నేరుగా ఆ కోర్సులో చేరడం అన్నిటికన్నా లాభం. మా లాంటి కుటుంబాలకి ప్రైవేటు ట్రైనరే దిక్కు.

వెళ్ళడానికి రెండు దారులు. చెన్నై వెళ్ళి విమానం ఎక్కి ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌లో దిగడం ఒకటి. రెండోది రైలు. ఆండమాన్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు, ఒంగోలు మీదుగానే కట్రా దాకా పోతుంది, కాకపోతే రోజూ ఉండదు. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ మొదలయ్యాక ఈ దారికి అర్థం వచ్చింది. మూడు గంటల్లో చేరుస్తుంది, మధ్యలో నది మీద 359 మీటర్ల ఎత్తున ఉన్న చీనాబ్ వంతెన. రైలులో నడుము విరుగుతుంది, నిజమే. కానీ మంచు పడ్డ రోజు శ్రీనగర్ విమానాలు వరసగా రద్దవుతాయి. మంచు కోసమే పోతున్నాం కాబట్టి మనకి కావాల్సిన వాతావరణమే విమానానికి గిట్టదు. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో కనెక్టింగ్ ఫ్లైట్ అదే రోజుకి పెట్టుకోవద్దు.

ఇంట్లో టెన్షన్ గురించి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్ పహల్గామ్ దాడిలో చనిపోయిన వాళ్ళలో మన కావలి మనిషి ఉన్నాడు. కశ్మీర్ అనగానే మా అత్తయ్య మొహం మాడిపోవడంలో తప్పేమీ లేదు. ఆ దాడి తర్వాత మూసేసిన పర్యాటక స్థలాలని విడతలవారీగా తెరుస్తూ వచ్చారు, ఏవి తెరిచారో చూసుకునే ప్లాన్ వేసుకోవాలి. ఇంకో మాట, మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. కనీసం ఒకరి నంబరైనా పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకుంటే రోజూ ఇంటికి ఫోన్ చేసి "బాగున్నాం" అని చెప్పొచ్చు. సగం టెన్షన్ దాంతోనే పోతుంది.

బస విషయంలో మేము కొన్నాళ్ళు కింద తంగ్‌మార్గ్‌లో, కొన్నాళ్ళు పైన గుల్మార్గ్‌లో ఉన్నాం. తంగ్‌మార్గ్‌లో గది చవక, భోజనం చవక. కానీ పైకి 13 కిలోమీటర్ల ఘాట్. మంచు పడితే టైర్లకి గొలుసులు కట్టిన బండ్లనే పోనిస్తారు, శ్రీనగర్ నుంచి తెచ్చుకున్న క్యాబ్ కిందే ఆగిపోతుంది. రోజూ పొద్దున బండి బేరం, సాయంత్రం బండి బేరం. మిగిలిన డబ్బు అందులోకే పోయింది, పైపెచ్చు మంచు నేర్చుకోవడానికి అనువుగా ఉండే ఉదయపు గంటలు కూడా. నేర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళు పైనే ఉండాలి, వాలుకి నడిచిపోయేంత దగ్గరలో. గది ఫోటోల్లో కిటికీలోంచి కనిపించే కొండ కంటే గదిలో వేడి ఎలా వస్తుందో అడగండి. బుఖారీ అని కట్టెల పొయ్యి ఉంటుంది, గది బాగా వేడెక్కుతుంది కానీ అర్ధరాత్రి కట్టెలు అయిపోతే గది మళ్ళీ మొదటికొస్తుంది. పడుకునేముందు రాత్రికి సరిపడా కట్టెలు గదిలో పెట్టించుకోవాలి. పొగ బయటికి సరిగ్గా పోతోందో లేదో చూసుకోవాలి, గాలి ఆడేలా కాస్త సందు వదలాలి. కరెంటు దుప్పటి ఉంటే ఇంకా సుఖం. మేమున్న ఒక హోటల్లో "24 గంటలూ వేడినీళ్ళు" అన్నది బోర్డు మీద మాటే, ఉదయం రెండు గంటలు వచ్చేవి. తిండికి మాత్రం బెంగ లేదు. కశ్మీరీలు మనలాగే అన్నం తినేవాళ్ళు. చిన్న సీసాలో కారప్పొడి ఉంటే చాలు, కుటుంబమంతా గడిపేయొచ్చు.

ఇక బూట్లు. అద్దె కొట్టు కుర్రాడు చెప్పు సైజు అడిగి ఏదో ఒక జత చేతిలో పెడతాడు. స్కీ బూటు సైజుకి పాదం పొడవే లెక్క, 26 అంటే పాదం 26 సెంటీమీటర్లు. ఇంట్లోనే గోడకి మడమ ఆనించి కొలిచి రాసుకెళ్ళండి. బూటు లోపలి మెత్తటి తొడుగులోకి చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉంటే నిన్న ఎవరో వాడి విప్పేసిన జత, కాసేపట్లోనే వేళ్ళు మొద్దుబారతాయి. తొడుక్కుని నిటారుగా నిలబడితే వేళ్ళ చివరలు ముందు భాగానికి తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్ళు ముందుకి వంచితే వేళ్ళు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. మా బామ్మర్దికి మొదట ఇచ్చిన జత వేసుకుని "సుఖంగా ఉన్నాయి బావా" అన్నాడు. ట్రైనర్ మాట్లాడకుండా కింద కూర్చుని, బూటు వెనక భాగం రెండు చేతులా నేలకి అదిమిపట్టి, మోకాళ్ళు వంచమన్నాడు. లోపల మడమ లేచినట్టు వాడికే తెలిసింది. రెండో జత వేసుకున్నాక సుఖం పోయింది, స్కీ మాట వినడం మొదలైంది. సాక్సులు ఒకే జత, మోకాలి కింది దాకా వచ్చేవి. చలి అని రెండు వేస్తే మడతలు పడి నెప్పి, పైగా రక్తం ఆడక చలి ఇంకా ఎక్కువ.

బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్, పడినప్పుడు ఊడిపోవాలి, లేకపోతే మోకాలు తిరిగిపోతుంది. దాని బిగింపు మన బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మన అనుభవాన్ని బట్టి పెట్టాలి. ముందు వాడినవాళ్ళది అలాగే ఉంచి ఇచ్చే కొట్లున్నాయి, అడిగి మార్పించుకోండి. బరువు తగ్గించి చెప్పే సరదా ఇక్కడ వద్దు. స్కీ పొడవు కొత్తవాళ్ళకి గడ్డానికీ ముక్కుకీ మధ్య వస్తే చాలు. హెల్మెట్ తప్పనిసరి. కూలింగ్ గ్లాసులు చాలవు, గాగుల్స్ కావాలి. తాజా మంచు ఎండలో 80 శాతం దాకా అతినీలలోహిత కిరణాలని తిప్పి కొడుతుంది, కళ్ళు మండిపోతాయి. మే నెల నెల్లూరు ఎండకి ఎవరూ పూయని సన్‌స్క్రీన్ అక్కడ గడ్డం కింద కూడా పూసుకోవాలి. జాకెట్, ప్యాంటు అక్కడే అద్దెకి తీసుకోవచ్చు. కొనాల్సింది ఒంటికి అంటుకునే లోపలి పొర, కాటన్ మాత్రం కాదు. కాటన్ చెమట పీల్చుకుని ఆరదు, ఆగి నిలబడగానే వణుకు. చలికాలం రోడ్డు పక్కన కొన్న ఉన్ని స్వెటర్ మధ్య పొరగా బాగానే పనికొచ్చింది.

మంచు పడుతుందని నమ్మకం పెట్టుకోలేం. చిల్లయ్ కలాన్ అని డిసెంబరు 21 నుంచి 40 రోజులు కశ్మీర్‌లో గట్టి చలి. అయినా 2024 జనవరిలో గుల్మార్గ్‌లో గడ్డి కనిపించింది. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడలనే ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. అందుకే డిసెంబరు సెలవులకంటే జనవరి ఆఖరు, ఫిబ్రవరి మేలు. ఒక్క రోజులోనే మంచు రకరకాలుగా మారుతుంది. పొద్దున్నే గట్టిగా, ఒక్కోచోట గాజులా జారుతుంది. పదింటికి కాస్త మెత్తబడి కొత్తవాళ్ళకి అనువవుతుంది. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నానికి తడిసి బరువెక్కి స్కీని పట్టేస్తుంది, మోకాళ్ళు అప్పుడే పోతాయి. రాత్రి పడ్డ కొత్త మంచు చూడ్డానికి ఎంత బాగున్నా, నేర్చుకునేవాళ్ళకి మైపాడు బీచిలో పొడి ఇసుక మీద పరుగెత్తినట్టే. అలాంటి రోజు అప్పటికే తొక్కి గట్టిపడిన వాలుకే తీసుకెళ్తే మంచి ట్రైనర్ అని లెక్క. మా ట్రైనర్ మొదటి పూటంతా పడటం, పడ్డాక పక్కకి తిరిగి లేవడం, స్కీల ముందు కొసలు దగ్గర చేసి ఆగడం, ఇంతే నేర్పాడు. పక్కన ఇంకో ట్రైనర్ తన వాళ్ళని అప్పటికే పైకి తీసుకెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. మా పిల్లలు అలిగారు.

గండోలా టికెట్లు ఆన్‌లైన్‌లో తేదీతో ముందే తీసుకోవాలి, అక్కడ దళారులని నమ్మొద్దు. మొదటి దశ కొంగ్‌డోరి దాకా, అందరికీ బాగుంటుంది. రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకి చేరుస్తుంది. నెల్లూరు సముద్రమట్టం నుంచి వచ్చినవాళ్ళు దిగిన మరునాడే అక్కడికెక్కితే తలనొప్పి, వికారం రావచ్చు. చూసి గండోలాలోనే దిగిరండి, స్కీలతో దిగడం బాగా వచ్చినవాళ్ళ పని. అక్కడ గస్తీ సిబ్బంది చూసుకునే హద్దు దాటితే మంచుచరియల బాధ్యత మనదే. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ వాళ్ళు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ ఇక్కడి చరియల్లో చనిపోయారు. హద్దు దాటేవాళ్ళకి బీకన్ (మంచులో కూరుకుపోతే ఎక్కడున్నారో సిగ్నల్ ఇచ్చే పరికరం), పార, మంచులో గుచ్చి వెతికే పొడవాటి పుల్ల ఉండాలి, వాడటం తెలియాలి, పక్కన తోడుండాలి. కప్పబడ్డ మనిషిని మొదటి పదిపదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తేనే ఎక్కువ ఆశ. బీమా తీసుకుంటే అందులో స్కీయింగ్ ఉందో లేదో చదువుకోండి, చాలా పాలసీల్లో ఉండదు.

వెళ్ళే నెల ముందు నుంచి రోజూ గోడకి వీపు ఆనించి, గాలిలో కుర్చీ వేసినట్టు కూర్చోవడం మొదలుపెట్టండి. తొడలు మండితే అదే పని చేస్తున్నట్టు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో నడక మంచిదే కానీ స్కీయింగ్‌కి అదొక్కటే చాలదు. మా బామ్మర్ది వచ్చే ఏడాదికి ఇప్పుడే మొదలుపెట్టాడు, మార్చిలో పోదామంటాడు. ఫిబ్రవరి మొదటి వారానికే చూడమన్నాను.