ఐదో అంతస్తు, వ్యూ రూమ్, 3,136 రూపాయలు

ముందే చెప్తున్నా, కరీంనగర్ మీద నాకేం కోపం లేదు. మా ఆవిడ పుట్టిల్లు అక్కడే, ఆ ఊళ్ళో నా కడుపు ఎన్నోసార్లు నిండింది. కోపమంతా ఒక లాడ్జి మీద. అందులోనూ ఒక కిటికీ మీద.

2024 నవంబర్, కార్తీకమాసం. మా బామ్మర్ది కొత్త ఫ్లాటుకు గృహప్రవేశం. నెల ముందు నుంచీ ఫోన్లో ఒకటే ఊదర. "బావా, మా అపార్ట్‌మెంట్ మీదికెక్కితే ఊరంత కనబడతది. మీ హన్మకొండల గంత ఎత్తు బిల్డింగు ఉన్నదా?" నేను ఊరుకుంటానా? మాకు ఆనుకునే ఉన్న వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల దవాఖాన అప్పుడు లేస్తోంది కదా, అది ముందర పెట్టాను. "దవాఖాన లెక్కల పడుతదా బావా? అండ్ల ఎవలన్న కాపురముంటరా?" అన్నాడు. "ఉంటరు, రెండు వేల పడకలట" అన్నాను. అప్పుడు కేబుల్ బ్రిడ్జి బయటికి తీశాడు. వాళ్ళ ఊరి వాళ్ళకు అదో బ్రహ్మాస్త్రం. బ్రిడ్జిలో కూడా ఎవరూ కాపురముండరు కదరా అంటే వినడే.

చివరికి పందెం పడింది. ఎవరి ఊరి ఎత్తు పెద్దదో తేలాలి, ఓడినవాళ్ళు రెండు కుటుంబాలకూ మటన్ భోజనం పెట్టించాలి. షరతు ఒక్కటే: ఫోన్లో ఫొటోలు చూపిస్తే చెల్లదు, పైకి ఎక్కించి చూపించాలి.

మా ఆవిడ "మీ ఎత్తుల పంచాయితీల నన్ను కలపకుండ్రి" అని ఒకరోజు ముందే ఆధార్ కార్డు తీసుకుని ఎక్స్‌ప్రెస్ బస్సెక్కింది. ఆడవాళ్ళకు ఛార్జీ లేని జీరో టికెట్. రెండు గంటల్లో దిగి ఫోన్ చేసింది. నేను, మా అమ్మ, తొమ్మిదో తరగతి చదివే బిడ్డ మర్నాడు కారులో బయల్దేరాం. 70 కిలోమీటర్ల దారికి రెండున్నర గంటలు పట్టింది, పోనురాను పెట్రోలు 1,100. అప్పుడు నాలుగు లైన్ల రోడ్డు పనులు నడుస్తున్నాయి, హసన్‌పర్తి దాటాక ఎక్కడ రోడ్డు ఉంటుందో ఎక్కడ మళ్ళింపు ఉంటుందో తెలియదు. ఎల్కతుర్తి వచ్చేసరికి మా తెల్ల కారు గోధుమరంగుకు తిరిగింది. ఆడవాళ్ళుంటే బస్సే నయం, ఇది నా గట్టి సలహా.

హుజూరాబాద్‌లో మాత్రం ప్రాణం లేచివచ్చింది. రోడ్డు పక్కన ఒకావిడ రెండు పొయ్యిలు పెట్టుకుని సర్వపిండి చేస్తోంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లాకు, పచ్చికారం కలిపి, నూనె రాసిన సర్వ గిన్నె అడుగున అరచేత్తో వత్తుతోంది. తర్వాత చూపుడువేలితో గబగబా గుంతలు పెడుతోంది, ఒక్కో గుంతలో ఒక్కో చుక్క నూనె. మూత పెట్టి, కాసేపటికి చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. "సప్పుడు తగ్గితె కాలినట్టు బిడ్డా" అని మా అమ్మాయికి చెప్పింది. ఒకటి 25 రూపాయలు. అంచులు కరకర, నడుమ మెత్తగా, గుంతల చుట్టూ ఎర్రగా. మా అమ్మ రెండు తింది. మోకాళ్ళ నొప్పులని ఇంటి దగ్గర నుంచి మూలుగుతున్న మనిషి, తింటున్నంతసేపూ మూలగలేదు. మా బామ్మర్దోళ్ళు దీన్నే సర్వప్ప అంటారు. ఆ పేరు మీద కూడా ఒక పంచాయితీ ఉంది, అది ఇంకోసారి.

కరీంనగర్‌లోకి కేబుల్ బ్రిడ్జి మీంచే రావాలని బామ్మర్ది ఆర్డరు. మానేరు మీద 2023 జూన్‌లో తెరిచారు, వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి కూడా తగ్గింది. పొద్దు గూకే వేళకు చేరాం. రెండు పెద్ద స్తంభాలు, వాటి నుంచి విసనకర్రలా దిగిన తీగలు, కింద మానేరు. బాగుంది. చాలా బాగుంది. ఆ మాట నా నోటి నుంచి రావొద్దని కిటికీ అద్దం ఎక్కించి కూర్చున్నాను, వెనక సీట్లోంచి మా బిడ్డ వీడియో తీసి అప్పటికే మామకు పంపేసింది.

ఇక లాడ్జి.

కొత్తింట్లో ఆడబిడ్డగా మా ఆవిడ ఉండాలి, మిగతా చుట్టాలతో ఇల్లు నిండింది. అందుకని మా ముగ్గురికీ బామ్మర్ది ఎవరో దోస్తును అడిగి రూమ్ చెప్పాడు. పేరు రాయను. ఫోన్లో మేనేజరు పాట: "సార్, ఫిఫ్త్ ఫ్లోర్ వ్యూ రూమ్ ఇస్త, పండుకోని బ్రిడ్జి చూడొచ్చు." రూమ్ 1,900. వ్యూకు 500. పిల్లకు అదనపు పరుపు 400. పన్ను 12 శాతం, 336. మొత్తం 3,136 ముందే కట్టించుకున్నాడు. కట్టాక చెప్పాడు, లిఫ్టు సర్వీసింగ్‌లో ఉందని.

నూట నాలుగు మెట్లు. లెక్క నాది కాదు, మా అమ్మది. మెట్టు మెట్టుకూ అంకె పైకి చదువుతూ ఎక్కింది. మూడో అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాను. "హన్మకొండల మన ఇల్లు ఒక్కటే అంతస్తు, దేవుడు సల్లగ సూశిండు" అంది. అక్కడికి పందెంలో నేను సగం ఓడినట్టే అనిపించింది.

రూమ్ తలుపు తీసి ఆత్రంగా కిటికీ పరదా లాగాను. ఎదురుగా నల్లటి నీళ్ళ ట్యాంకు. దాని పక్కన ఏదో బట్టల షాపు హోర్డింగు, అదీ వెనక వైపు, ఇనుప పైపులు మాత్రమే కనిపిస్తూ. ట్యాంకుకూ హోర్డింగుకూ నడుమ జానెడు సందు. ఆ సందులోంచి, మెడ ఎడమకు వంచి, చెంప గోడకు ఆనిస్తే, దూరాన దీపం పెట్టిన పుల్ల ఒకటి. మేనేజరును పైకి పిలిచాను. నూట నాలుగు మెట్లు వాడూ ఎక్కాలి కదా, ఆ మాత్రం తృప్తి. వగరుస్తూ వచ్చి వేలు చూపించాడు: "అదే సార్ బ్రిడ్జి. లైట్లు ఇంక రంగు మారుతయి, సూడుండ్రి." పండుకుని చూడొచ్చన్నావు కదా అంటే, మంచం ఆ గోడకు జరుపుకోమన్నాడు.

అసలు కథ తెల్లవారుజామున నాలుగింటికి. ఐదున్నరకు ముహూర్తం, తలస్నానాలు చేయాలి. నల్లా తిప్పితే దారంలా నీళ్ళు. ఇది అర్థం చేసుకోవడానికి ఇంజినీరు కానక్కర్లేదు. లాడ్జి ట్యాంకు మా నెత్తి మీద ఆరడుగుల ఎత్తులో ఉంది, ఆ కాస్త ఎత్తు నుంచి దిగే నీటికి తోపు ఉండదు. కింది అంతస్తుల్లో నాలుగు నల్లాలు తిప్పారంటే ఉన్నదంతా అటే లాక్కుపోతుంది. ప్రెషర్ మోటారు పెడితే తీరే బాధ, పెట్టలేదు. చివరికి రూమ్ బాయ్ వేడినీళ్ళు మోసుకొచ్చాడు, బకెట్‌కు 40 చొప్పున మూడు బకెట్లు. పాపం, వాడి తప్పేం లేదు, పైన 30 వాడి చేతిలో పెట్టాను.

కాబట్టి ఎవరైనా ఎత్తు మీద రూమ్ అంటే మురిసిపోకండి. మూడో అంతస్తు దాటొద్దు, లిఫ్టు ఎక్కి దిగాకే డబ్బు కట్టండి, కట్టేముందు బాత్రూంలో నల్లా తిప్పి చూడండి. ఖాళీ చేసేటప్పుడు వ్యూ డబ్బులు వెనక్కి ఇమ్మన్నాను. 500, దాని మీద పన్ను 60, మొత్తం 560 రావాలి. అరగంట వాదన తర్వాత 300 చేతిలో పెట్టి, "కొంచెమన్న కనబడ్డది గద సార్" అన్నాడు.

గృహప్రవేశం బాగా జరిగింది. బామ్మర్ది ఫ్లాటు కూడా ఐదో అంతస్తే, అక్కడా లిఫ్టు ఇంకా బిగించలేదు. ఆవును మెట్లెక్కించడం ఎవరి తరం? కింద స్తంభాల నడుమ బండ్లు పెట్టే జాగాలో, అదే స్టిల్ట్ పార్కింగ్‌లోనే పూజ చేశారు. మా అమ్మ ఆవు పక్కనే కుర్చీ వేసుకుని, "నేను గూడ ఈడనే ఉంట" అని తేల్చేసింది. పైన పాలు పొంగినప్పుడు వీడియో కాల్‌లో చూసింది.

పూజయ్యాక బామ్మర్ది నన్ను టెర్రస్ మీదికి ఎక్కించాడు. ఊరు నిజంగానే కనబడింది. తూకం తప్పను, లాడ్జి వాడు అమ్మిన వ్యూ కంటే వెయ్యి రెట్లు నయం. కానీ నేను అంతస్తులు లెక్కపెట్టాను. స్టిల్ట్, దాని మీద ఐదు. "ఇది ఎత్తు బిల్డింగా? మా దగ్గర గల్లీకొకటి ఉంటది" అన్నాను.

ఉంటాయి కూడా. ప్లాన్లు గీసే మా దోస్తు ఎప్పుడూ చెప్తుంటాడు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168 ప్రకారం 18 మీటర్లు తాకితే హైరైజ్, అంటే ఎత్తైన కట్టడం కింద లెక్క. ఇక రోడ్డు వెడల్పు కావాలి, చుట్టూ వదిలే జాగా పెరుగుతుంది, ఫైర్ శాఖ అనుమతి కావాలి. ఆ గీతకు ఒక్క అడుగు కింద ఆగితే ఆ తలనొప్పులు తగ్గుతాయి. అందుకే హనుమకొండ నక్కలగుట్టలో చూసినా, ఇక్కడ చూసినా అవే స్టిల్ట్ ప్లస్ ఐదులు. ఇక ఊరి నడుమ ఆకాశహర్మ్యాలంటారా? టవర్ సర్కిల్ గల్లీల్లో కారు తిరగడమే గగనం, ఆ రోడ్ల మీద ముప్పై అంతస్తులకు ఎవరిస్తారు పర్మిషన్? అన్నట్టు, కరీంనగర్‌లో టవర్ అంటే ఇప్పటికీ ఆ గడియారం టవరే. ఆ సాయంత్రం అక్కడికి పోయాం. పార్కింగ్ కోసం నాలుగు చుట్లు కొట్టాను, మీరు ఆటోలో పోండి. మా అమ్మ వెండి తీగపని కుంకుమ భరిణె ఒకటి కొనుక్కుంది, జడలల్లినట్టు సన్నటి తీగ. ఈ ఫిలిగ్రీ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. నేను మెచ్చుకుంటుంటే బామ్మర్ది ముఖం వెలిగిపోయింది, దాని ఎత్తు అంగుళంన్నర అని గుర్తుచేశాను.

తర్వాతి ఆదివారం వాడి వంతు. పొద్దున్నే హనుమకొండలో దిగాడు. వేయిస్తంభాల గుడి చూస్తూ, "ఈ చుట్టుపక్కల ఏం లేపలేదేంది?" అని ఎకసెక్కం. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది, వంద మీటర్ల లోపు కొత్త కట్టడం కూడదు, ఆపై ఇంకో రెండు వందల మీటర్లకు అనుమతి కావాలి. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి కోసం ఆ మాత్రం ఆగలేమా అన్నాను. "అంటే తాతల పేరు చెప్పుకొని బతుకుతుండ్రన్నట్టు" అన్నాడు. వాడి నోరు అలాంటిది.

వరంగల్ వెళ్ళి దవాఖాన ముందు కారు ఆపాను. 2021లో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి ఆ దారిన పోయినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, అయినా వాడి పక్కన నిలబడి చూస్తే కొత్తగా అనిపించింది. ఒకప్పుడు ఇక్కడ నిజాం కాలంనాటి జైలు గోడ ఉండేది. బామ్మర్ది మెడ వెనక్కి విరిచి లెక్కపెట్టాడు. ఇరవై దగ్గర తప్పాడు, మళ్ళీ మొదటినుంచి. రెండోసారి పెదవి విరిచి, "సరే, పెద్దదే" అన్నాడు. ఆ మాట రికార్డు చేయనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. పనులు నడుస్తున్నాయి కాబట్టి గేటు దగ్గర మమ్మల్ని లోపలికి రానివ్వలేదు, అది న్యాయమే. బామ్మర్దికి ప్రాణం లేచివచ్చింది. "ఎక్కియ్యాలె అన్నం గద బావా? షరతు షరతే."

కోపంతో వాణ్ణి తీసుకెళ్ళి పద్మాక్షి గుట్ట ఎక్కించాను. టికెట్ లేదు, లిఫ్టు లేదు, వ్యూ చార్జి లేదు. సగం దూరం పోయేసరికి వాడి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. పైన గాలి. ఒకపక్క భద్రకాళి చెరువు, దాని మీదుగా వరంగల్ ఇండ్లు, వాటన్నిటినీ మించి ఆ దవాఖాన. బామ్మర్ది అయిదు నిమిషాలు మాట్లాడలేదు, ఆయాసమో ఇంకేమో తెలియదు. "గుట్ట లెక్కల పడది" అన్నాడు చివరికి.

మటన్ భోజనం బిల్లు 2,340 అయింది. ఎవరూ ఓడలేదని చెరి 1,170 కట్టాం. మా ఆవిడ, "అయితే గిన్ని రోజులు కొట్లాడింది దేనికి?" అంటే ఇద్దరం పళ్ళెంలోకి చూశాం.

జనవరిలో వాడే ఫోన్ చేశాడు. "బావా, లిఫ్టు బిగించిండ్రు. అత్తమ్మను తీస్కొని రా, బటన్ ఒత్తితె పైకే."

"నీళ్ళు?"

కాసేపు ఏం వినబడలేదు. తర్వాత, "మోటారు చెప్పినం, వారంల వస్తదట" అన్నాడు.