జాగ్రత్త: "200 కిలోలు మోస్తుంది" అన్న మాట నమ్మి గళ్ల షెల్ఫ్‌లో పుస్తకాలు కుక్కకండి

ఇంట్లో పుస్తకాలు ఎక్కువైపోయి, తక్కువ ధరలో వచ్చే క్యూబ్ షెల్ఫ్ కోసం చూస్తున్నవాళ్లు కొనే ముందు ఇది చదవండి. నేను కొన్నది ఐదో నెలలో ఒక అర్ధరాత్రి ఫట్‌మని తెగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ సరిగ్గా ఆ గడి ముందే మా చిన్నాడు చాప వేసుకుని బొమ్మలు గీసుకుంటాడు. అదే పగలైతే అని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నాది పదహారు గళ్లది, అడ్డానికి నాలుగు, నిలువుకు నాలుగు. గడి లోపల 33 సెంటీమీటర్ల చదరం, లోతు 38. అమ్మే పేజీలో పెద్దక్షరాలతో "200 కిలోల సామర్థ్యం" అని రాసి ఉంది. నా పుస్తకాలన్నీ కలిపినా అంత ఉండవులే అనుకున్నాను. పొద్దున్నే అలెన్ కీ పట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి లేచి నిలబడింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆ రాత్రే నింపేశాను.

విరిగాక మాన్యువల్ వెతికి తీస్తే చివరి పేజీలో ఒక చిన్న బొమ్మ కనిపించింది. గడిలో కిందికి బాణం గుర్తు, పక్కన 13 కిలోలు. 13ని 16తో గుణిస్తే 208. ఆ 200 ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. అబద్ధం అనలేం. కానీ అది పదహారు గళ్లలోనూ సమానంగా సర్దితే మాట. ఒక గడిలో పాతిక కిలోలు పెట్టి పక్క గడిలో పూలకుండీ పెడితే, సగటు చూసుకుని పలక సర్దుకుపోదు కదా.

13 కిలోలంటే చాలానే కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఒక లెక్క చెప్తాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు. జిరాక్సుకు వాడే 80 జీఎస్ఎం ఏ4 కాగితాల కట్ట, 500 షీట్లది, రెండున్నర కిలోలు తూగుతుంది. మందం దాదాపు 5 సెంటీమీటర్లు. 33 సెంటీమీటర్ల గడిలో అలాంటివి వరసగా నిలబెడితే ఆరున్నర కట్టలు పడతాయి. అంటే 16 కిలోల పైమాటే. ఏ4 సైజు బైండు పుస్తకాలు ఒకే ఒక్క వరస పెట్టినా పరిమితి దాటేసినట్టే. నున్నటి ఆర్ట్ పేపరు మీద వేసిన బొమ్మల పుస్తకాలైతే ఇంకా బరువు. మామూలు నవలల వరస ఒక్కటే అయితే ఇబ్బంది లేదు, పరిమితికి చాలా లోపే ఉంటుంది.

అసలు ఉచ్చు లోతులో ఉంది. నవల వెడల్పు 13, 14 సెంటీమీటర్లు, గడి లోతు 38. ముందు ఒక వరస పెట్టగానే వెనక అంత చోటు ఖాళీగా కనిపిస్తుంటే పుస్తకాల పిచ్చి ఉన్నవాడి చెయ్యి ఊరుకుంటుందా? రెండో వరస పడుతుంది. ఆ పైన మిగిలిన సందులో నాలుగు పుస్తకాలు అడ్డంగా పడతాయి. నా గడిలో వెనక వరస నవలలు, ముందు బౌండు చేయించిన పాత వారపత్రికలు, వాటి మీద ఒక నిఘంటువు. కూలిన తర్వాత అవన్నీ ఎత్తుకుని బరువు చూసే మిషను మీద నిలబడి, నా బరువు తీసేసి చూశాను. రెండు విడతల్లో తూచాల్సి వచ్చింది. మొత్తం 23 కిలోలు.

ఎక్కడ తెగిందో చెప్తాను, ఎందుకంటే నేను అనుకున్న చోట తెగలేదు. పలక మధ్యలో వంగి విరిగిందేమో అనుకున్నాను. పలక నిక్షేపంగా ఉంది. ఆ చివరా ఈ చివరా రెండేసి చెక్క పిన్నులు ఉంటాయి, నిలువు పలకలోని రంధ్రాల్లోకి దూర్చేవి. ఒక పక్క ఆ రంధ్రాలు కిందికి చీలి, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వేలు పెడితే పొట్టు రాలింది. ఈ పలకలు పార్టికల్ బోర్డువి. అంటే రంపపు పొట్టును, చెక్క ముక్కలను జిగురుతో నొక్కి చేసిన పలకే. మీద బరువు పెట్టి నొక్కితే తట్టుకుంటుంది, అంచు దగ్గర ఒక పిన్ను రోజూ కొంచెం కొంచెం లాగుతుంటే తట్టుకోలేదు.

గడి వెడల్పు తక్కువ కాబట్టి పలక వంగడం పెద్ద సమస్య కాదు. వరసగా పుస్తకాలు పేర్చిన పలక పొడవు రెట్టింపయితే వంపు రెండు రెట్లు కాదు, పదహారు రెట్లు అవుతుంది. గోడకు కొట్టిన పొడవాటి అరలు మధ్యలో ఊయలలా జారేది అందుకే. 33 సెంటీమీటర్ల దగ్గర ఆ భయం తక్కువ. దాంతో పైకి అంతా తిన్నగానే కనిపిస్తుంది, కీలు మాత్రం లోపల నలిగిపోతుంటుంది. పలక వంగి ఉంటే నేనూ ముందే మేలుకునేవాణ్ణి.

అయినా సూచన రాలేదని కాదు. మూడో నెలలో పలక చివరకీ నిలువు పలకకీ మధ్య సన్నటి సందు కనిపించింది. బస్ టికెట్ దూర్చి చూస్తే దూరింది. స్క్రూ బిగిస్తే పోతుందిలే అని వాయిదా వేశాను. ఈ బోర్డులు మోసేకొద్దీ అలవాటు పడవు, అంతే బరువు కింద నెలలు గడిచేకొద్దీ ఇంకా ఇంకా లొంగుతాయి. గాలిలో తేమ ఉంటే మరీ త్వరగా.

నా తప్పు కూడా ఒకటుంది, దాచను. ఈ షెల్ఫ్ చదరం కాబట్టి ఎటు తిప్పి నిలబెట్టినా ఒకేలా కనిపిస్తుంది. మాన్యువల్ బొమ్మలో పొడవాటి పలకలు అడ్డంగా పడుకుని ఉన్నాయి, పొట్టివి వాటి మధ్య నిలబడి ఉన్నాయి. అప్పుడు పైగడి బరువు నిలబడిన పలకల మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. నేను స్విచ్‌బోర్డుకు అడ్డం రాకుండా ఒక పక్కకు తిప్పి పెట్టాను. పొడవువి నిలువయ్యాయి, పుస్తకాలు మోసే పొట్టి పలకలు పిన్నుల మీద వేలాడాయి. 23 కిలోలూ నాలుగు పిన్నుల మీద. కాబట్టి బిగించేవాళ్లు ఏ పలక ఎటు పోతుందో బొమ్మతో పోల్చి చూసుకోండి.

బయటి చట్రం పలకలు మందంగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు. వేలితో తట్టి చూడండి. నాది డబ్బాలా మోగింది. పలచటి బోర్డుల మధ్య తేనెపట్టులాంటి అట్ట నింపుతారు. పైన పటారం లోన లొటారం అనే మాట దీన్ని చూసే పుట్టిందేమో! ఆ పద్ధతిని తప్పు పట్టడం లేదు, తేలిగ్గా ఉంటుంది, గట్టిగానే నిలుస్తుంది. అయితే దాని మధ్యలో ఇనుప ఎల్ పట్టీ పెట్టి స్క్రూ బిగిద్దామంటే పట్టదు, అట్టలోకి జారిపోతుంది. రిపేరు చేద్దామని ప్రయత్నించి మరీ తెలుసుకున్నాను.

వెనక పలక లేని మోడళ్లు పక్కకు ఊగుతాయి కూడా. భుజంతో కొంచెం నెట్టి చూస్తే తెలుస్తుంది. గోడకు బిగించే పట్టీ తప్పకుండా బిగించండి. నాది విరిగిన రోజుకీ సామాన్ల కవర్లోనే ఉంది. ఆ పట్టీ ముందుకు పడిపోకుండా ఆపుతుందే తప్ప బరువు మోయడానికి పనికిరాదు. ప్లాస్టిక్ మూలలతో కలిపే వైరు జాలీ గళ్ల సంగతి చెప్పక్కర్లేదు, వాటిలో బట్టలు పెట్టుకోవచ్చు.

కస్టమర్ కేర్ వాళ్లు ఫోటోలు అడిగారు, గడిలో ఎంత బరువు పెట్టారు అని అడిగారు. నిజం చెప్పాను. 13 దాటితే వారంటీ వర్తించదన్నారు. మరి ఆ 13 కిలోల మాట అమ్మే పేజీలో ఎందుకు లేదు, 200 మాత్రమే ఎందుకుంది అంటే "మీ సూచన నమోదు చేశాం" అన్నారు. మర్యాదగా మాట్లాడారు, దాన్నేం చేసుకోను?

ఇప్పుడు షెల్ఫ్‌ను మాన్యువల్ ప్రకారం తిప్పి నిలబెట్టాను. కింది వరస పలక నేలకు ఆనుకుని ఉంది కాబట్టి నిఘంటువులు అక్కడికి దిగాయి. కాళ్లున్న మోడల్ అయితే ఆ సౌకర్యం ఉండదు, ఇల్లు తుడిచేటప్పుడు నీళ్లు తగిలి బోర్డు ఉబ్బకుండా ఉంటుంది మరి. పై గళ్లలో ఒకే వరస నవలలు. వెనక ఖాళీలో చెప్పుల డబ్బాలు పెట్టాను, లేకపోతే నా చెయ్యి మళ్లీ ఊరుకోదు. వారపత్రికల బైండ్లన్నీ స్టీలు ర్యాకు ఎక్కాయి. అది అందంగా లేదని ఇంట్లో గొడవ.

తెగిన గడిలో ప్రస్తుతం రెండు దిండ్లు ఉన్నాయి. మా చిన్నాడి చాప మాత్రం అవతలి గోడ దగ్గరికి మార్చాను.